చక్కెరకు మారుపేర్లు

ఒకప్పుడు మన వంటింటి అలమరలో తీపికి రెండే డబ్బాలు ఉండేవి. ఒకటి చక్కెరది, రెండవది బెల్లానిది. నేడు ఆ వరుస పొడవైనది. గోధుమరంగు చక్కెర, తాటిబెల్లం, తేనె సీసా, ఖర్జూరపు పాకం, స్టీవియా పొడి, టీలో వేసుకునే తెల్లని చిన్న మాత్రలు అన్నీ ఒకే ఇంట్లో కనిపిస్తున్నాయి. తాతగారికి ఒకటి, కోడలికి ఒకటి, పిల్లలకు మరొకటి. వీటిలో చాలావాటి ధర చక్కెర ధరకు ఎన్నో రెట్లు. అయినా ఆరోగ్యం కోసమే కదా అని కొంటున్నాము.

ఈ శీర్షికకు సోదరీమణులు పంపే ప్రశ్నలలో ఒకటి మాటలు మారుతూ తరచుగా వస్తుంటుంది: “మా ఇంట్లో చక్కెర పూర్తిగా మానివేశాము. బెల్లం, తేనె మాత్రమే వాడుతున్నాము. మా వారికి షుగర్ ఉన్నా ఇక ఇబ్బంది లేనట్లే కదా?” ఇందులోని ‘ఇక’ అనే మాటే కలవరపెడుతుంది. డబ్బా మార్చడంతో జాగ్రత్త ముగిసిందనే ధీమా అందులో ఉన్నది. ఆ ధీమాతోనే రెండు చెంచాల చక్కెర వేసేచోట మూడు చెంచాల బెల్లం వేస్తారు. ఆరు నెలల తరువాత పరీక్ష చేయించినప్పుడు వైద్యుడు మందు మోతాదు పెంచుతాడు. కారణం ఏమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు.

మన వాడుక భాష కూడా ఈ భ్రమకు కొంత తోడ్పడుతున్నది. మధుమేహాన్ని మనం ‘షుగర్’ అంటాము, పెద్దలు చక్కెర వ్యాధి అంటారు. వ్యాధి పేరే చక్కెర అయినప్పుడు, చక్కెర మానితే వ్యాధి తొలగుతుందనుకోవడం సహజమే. కాని రక్తంలో పెరిగేది గ్లూకోజు. అది చక్కెర నుండి వస్తుంది, బెల్లం నుండి వస్తుంది, అన్నం, రొట్టె, సేమియా, బిర్యానీల నుండి కూడా వస్తుంది. పటికబెల్లం సంగతి చూడండి. పేరులో బెల్లం ఉన్నందున చలువ చేస్తుందని, హాని లేనిదని నమ్ముతారు. చిక్కని చక్కెర ద్రావణం నుండి నెమ్మదిగా పెరిగిన స్ఫటికమే అది. హైదరాబాదు ఇళ్ళలో మిస్రీ అని పిలిచేది దీనినే. భోజనానంతరం సోంపుతో కలిపి నోట వేసుకునే ఆ పలుకులు చక్కెర పలుకులే.

ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. 2023లో ‘లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రినాలజీ’ పత్రికలో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో మధుమేహంతో ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది అని, ఆ వ్యాధి అంచున ఉన్నవారు మరో 13.6 కోట్ల మంది అని అంచనా వేసింది. అంచున ఉన్నవారిలో అనేకులకు తమ పరిస్థితి తెలియదు. ఇంట్లో ఏ డబ్బా తెరవాలనే ప్రశ్న వారికి కూడా సంబంధించినదే.

చక్కెరను రసాయన పరిభాషలో సుక్రోజు అంటారు. ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు జతకూడితే సుక్రోజు అవుతుంది. చిన్నప్రేవులలో ఈ జత విడిపోయి రెండూ రక్తంలో చేరుతాయి. చెరకు రసాన్ని పెద్ద పెనాలలో కాచి గట్టిపరిస్తే బెల్లం వస్తుంది. అదే రసాన్ని శుద్ధిచేసి, స్ఫటికాలుగా మార్చి, మడ్డిని వేరుచేస్తే చక్కెర వస్తుంది. బెల్లంలో అధికభాగం సుక్రోజే. దానితోపాటు కొంత విడి గ్లూకోజు, ఫ్రక్టోజు, కొంత తేమ, స్వల్పంగా ఖనిజ లవణాలు ఉంటాయి. అనకాపల్లి బెల్లమైనా, కామారెడ్డి బెల్లమైనా ఈ విషయంలో ఒకటే. తాటిబెల్లం పరిమళం వేరు, రుచి వేరు, అయినా అందులోని ప్రధాన పదార్థం సుక్రోజే. గోధుమరంగు చక్కెరలో ఉన్న విశేషమల్లా స్ఫటికాలకు అంటిన కొంచెం మడ్డి మాత్రమే.

బెల్లంలో ఇనుము ఉన్నదనే మాట అబద్ధం కాదు. ఎంత ఉన్నదనేదే ప్రశ్న. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. దానిని బెల్లం నుండే పొందదలిస్తే రోజుకు వందల గ్రాముల బెల్లం తినవలసి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఇటువంటి పరిస్థితిలో గర్భిణి అయిన కోడలు ఆసుపత్రి ఇచ్చిన ఇనుము మాత్రలు వికారంగా ఉన్నాయని పక్కనపెడితే, “ఫరవాలేదు, రోజూ ఒక బెల్లం ముక్క తిను” అని అత్తగారు ఓదార్చడం ప్రేమతో చేసే హాని. మాత్ర పడకపోతే వైద్యురాలిని అడిగి మరొక రకం తీసుకోవాలి. మాంసం, కాలేయం, ఆకుకూరలు, పప్పుదినుసులు తినాలి, వాటితోపాటు నిమ్మరసం తీసుకోవాలి. బెల్లం రుచి కోసం తినే వస్తువు. ఆ మాట ఒప్పుకుంటే దానిని ఎంత తినాలో కూడా తెలుస్తుంది.

బెల్లం కొనేవారికి ఒక్క సూచన. పసుపుపచ్చగా మెరిసే అచ్చులను చూసి మోసపోవద్దు. రంగు తేలడానికి పాకంలో హైడ్రోస్ అనే రసాయనాన్ని కలపడం చాలాచోట్ల ఉన్న అలవాటే. ముదురు రంగు బెల్లమంతా స్వచ్ఛమని కూడా చెప్పలేము, కాని లేత రంగు కోసం అధికధర ఇవ్వవలసిన అవసరమైతే లేదు.

తేనె విషయంలో మన వారికి ప్రత్యేకమైన గౌరవం ఉన్నది. అది ఉండవలసినదే. దివ్య ఖుర్ఆన్‌లోని అన్ నహ్ల్ సూరా 69వ ఆయత్ తేనెలో మానవులకు స్వస్థత ఉన్నదని తెలియజేస్తున్నది. ఏడాది దాటిన పిల్లలకు దగ్గు వచ్చినప్పుడు నిద్రకు ముందు ఒక చెంచా తేనె ఉపశమనమిస్తుందని నేటి వైద్యులూ అంగీకరిస్తున్నారు. అయితే స్వస్థతనిచ్చే వస్తువును అవసరమైన చోట, తగిన మోతాదులో వాడుకోవడం ఒకటి, ఆ పేరుతో మధుమేహ రోగి రోజుకు ఆరు చెంచాలు పుచ్చుకోవడం మరొకటి. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే, మిగిలినదానిలో అధికభాగం నీరు. తేనె బరువైనది కనుక ఒక పెద్ద చెంచా తేనెలో సుమారు 17 గ్రాముల చక్కెరలు ఉంటాయి. అదే చెంచాడు పంచదారలో ఉండేది 12 లేదా 13 గ్రాములు. సన్నబడాలని తెల్లవారుజామున గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల తేనె కలుపుకొని త్రాగేవారు ఈ లెక్కను ఒకసారి చూసుకోవాలి. ఆ నీటిలో మేలు చేసేది నీరూ నిమ్మరసమూ కావచ్చును.

సీసాలో ఉన్నది తేనెయేనా అన్నది వేరే ప్రశ్న. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్షింపజేయగా, అణు అయస్కాంత అనునాద పరీక్షలో 10 బ్రాండ్లు నిలువలేదని ప్రకటించింది. కంపెనీలు ఆ ఫలితాలను ఖండించాయి. మామూలు పరీక్షలకు చిక్కని విధంగా తయారుచేసిన బియ్యపు, చెరకు పాకాలు తేనెలో కలుస్తున్నాయన్నది ఆ సంస్థ ఆరోపణ. నీటిలో వేస్తే అడుగుకు చేరుతుంది, ఒత్తికి రాస్తే వెలుగుతుంది అనే ఇంటి పరీక్షలు ఈ కల్తీని పట్టుకోలేవు.

తేనెకు సంబంధించి మరొక మాట తప్పక చెప్పవలసి ఉన్నది. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. తేనెలో క్లోస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చును. పెద్దవారి ప్రేవులలో అవి మొలకెత్తలేవు. పసికందు ప్రేవులలో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. మొదట మలబద్ధకం కనిపిస్తుంది. తరువాత పాలు చప్పరించే శక్తి తగ్గుతుంది, ఏడుపు నీరసిస్తుంది, మెడ, కాళ్ళూచేతులూ వాలిపోతాయి, చివరకు ఊపిరి కండరాలు కూడా పనిచేయకపోవచ్చును. ఇది అరుదైన వ్యాధియే గాని ప్రాణాంతకం. తేనెను ఇంట్లో వేడిచేసినంత మాత్రాన ఆ బీజాలు చావవు. నవజాత శిశువుకు తహ్నీక్ చేసే సంప్రదాయం హదీసులలో ఖర్జూరంతో కనిపిస్తుంది. ఖర్జూరం చేతికందలేదని కొన్ని ఇళ్ళలో తేనె వేలు నోటిలో పెడుతున్నారు. కాన్పుకు వెళ్ళే సంచిలో తేనె సీసాకు బదులు రెండు శుభ్రమైన ఖర్జూరాలు పెట్టుకోవడం ఎంతమాత్రం కష్టం కాదు. ఖర్జూరమైనా పేరుకు మాత్రంగా, చేతులు సబ్బుతో కడుక్కొని, పుట్టిన బిడ్డ ఆరోగ్యంగా ఉన్నదని వైద్యురాలు చెప్పిన తరువాతనే. ఏ బామ్మగారైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఖర్జూరం పండు కనుక దాని లెక్క కొంత వేరు. నమిలి తినే పండులో పీచు ఉంటుంది, తీపి నెమ్మదిగా రక్తంలో చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనలలో పరిమితం చేయవలసినవిగా చెప్పినది వంటలో కలిపే చక్కెరలను, తేనెను, పాకాలను, పండ్ల రసాలను. పూర్తి పండును ఆ జాబితాలో చేర్చలేదు. అదే పండును మరిగించి, పిండి, వడగట్టి సీసాలో పోస్తే అది పాకమే, జాబితాలోకి వచ్చేస్తుంది. ‘ఖర్జూరంతో తీపి చేసినది’ అనే చీటీ ఉన్న బిస్కెట్లకు ఈ మినహాయింపు వర్తించదు.

ఇక ఇఫ్తార్‌లో మూడు ఖర్జూరాలు అంటాము. ఏ ఖర్జూరం? చిన్నరకం ఖర్జూరంలో నాలుగైదు గ్రాముల చక్కెరలు ఉంటే, బొటనవేలంత పొడవూ లావూ ఉన్న మెజ్దూల్ రకంలో ఒక్కదానిలోనే 16 గ్రాముల వరకు ఉంటాయి. అంటే చిన్నవి మూడు తింటే 15 గ్రాముల లోపు, పెద్దవి మూడు తింటే 50 గ్రాములకు దగ్గర. ఆరోగ్యవంతునికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చును. మధుమేహం ఉన్నవారు పెద్దరకం ఒక్కటితో ఉపవాసం విరమించుకుంటే చాలును, బేసి సంఖ్య కూడా తప్పదు. ఖర్జూరం కంటే మనలను దెబ్బతీస్తున్నది దాని పక్కన నిలబడే గులాబీరంగు షర్బత్ గ్లాసు. ఆ సీసాలో అధికభాగం చక్కెరే. సీసా వెనుక చీటీపై వంద మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాములో వ్రాసి ఉంటుంది, చదువుకోవచ్చును. దాహంతో ఉన్నవారు ఒక్క గ్లాసుతో ఆగరు.

ఎంత వరకు తినవచ్చును? పైన చెప్పిన 2015 సూచనల ప్రకారం ఇటువంటి చక్కెరల నుండి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో పదోవంతుకు మించరాదు, ఇరవయ్యోవంతుకు తగ్గిస్తే మరింత మేలు. సాధారణ వయోజనునికి మొదటిది సుమారు 50 గ్రాములు, రెండవది సుమారు 25 గ్రాములు. ఇప్పుడు టీ లెక్క చూడండి. చిన్న చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున, కప్పుకు రెండు చెంచాలు, రోజుకు నాలుగు కప్పులు అంటే 32 గ్రాములు. ఇందులో మిఠాయి లేదు, బిస్కెట్ లేదు, బయట త్రాగిన ఇరానీ చాయ్ లేదు. మనలో అనేకుల చక్కెర పెళ్ళి విందులో కంటే టీ కప్పులోనే ఎక్కువగా ఉన్నది. పెళ్ళి నెలకొకటి, టీ పూటపూటా.

ఇక్కడే తీపి మాత్రలు, పొడులు రంగప్రవేశం చేస్తాయి. వీటిలో పెద్దది శాకరిన్. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫాల్‌బెర్గ్ అనే రసాయన శాస్త్రవేత్తకు అనుకోకుండా దొరికింది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు చక్కెర కొరత దానికి వ్యాప్తినిచ్చింది. ఆస్పర్టేమ్ 1965లో, సుక్రలోజ్ 1976లో వచ్చాయి. సుక్రలోజ్ గురించి ఒక ముచ్చట చెబుతారు: లండన్‌లో పరిశోధన చేస్తున్న భారతీయుడు శశికాంత్ ఫడ్నిస్‌ను ఆ పదార్థాన్ని ‘టెస్ట్’ చేయమంటే, ఆయన ‘టేస్ట్’ అని విని నాలుకపై వేసుకున్నాడట. ప్రయోగశాలలో అది ఎంత ప్రమాదకరమైన వినికిడో! స్టీవియా మాత్రం పరాగ్వే ప్రాంతపు మొక్క ఆకు నుండి తీసినది. ఇవన్నీ చక్కెర కంటే వందల రెట్లు తీయనివి. ఆస్పర్టేమ్ సుమారు 200 రెట్లు, సుక్రలోజ్ సుమారు 600 రెట్లు. అందువలన చిటికెడులో వందోవంతు చాలును. రక్తంలో గ్లూకోజు వాటి వలన పెరగదు.

మరి హాయిగా వాడుకోవచ్చునా? 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిపై ఒక సూచన వెలువరించింది. బరువు తగ్గడానికో, మధుమేహం, గుండెజబ్బు వంటివి రాకుండా ఉండటానికో వీటిని సాధనంగా వాడవద్దని దాని సారాంశం. దీర్ఘకాలంలో బరువు తగ్గుతున్న ఆధారం కనిపించలేదు. పైగా చాలాకాలం అధికంగా వాడినవారిలో మధుమేహం, గుండెజబ్బులు కొంత ఎక్కువగా ఉన్నట్లు పరిశీలనలలో కనిపించింది. వాటికి కారణం ఈ పదార్థాలేనా, లేక ముందునుండే బరువు ఎక్కువ ఉన్నవారు వీటిని ఆశ్రయించడమా అన్నది తేలలేదు కనుక ఆ సూచనను ‘షరతులతో కూడినది’గానే పేర్కొన్నారు. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా అందులోనే స్పష్టంగా ఉన్నది. పత్రికలలో శీర్షికలు మాత్రమే చదివినవారికి ఈ చివరి వాక్యం చేరలేదు.

అదే సంవత్సరం జూలైలో ఆస్పర్టేమ్‌ను ‘క్యాన్సర్ కారకం కావచ్చునేమో’ అనే వర్గంలో చేర్చినప్పుడు మరింత అలజడి రేగింది. ఆ వర్గీకరణ ఆధారం ఎంత బలమైనదో చెబుతుందే తప్ప ఎంత తింటే ప్రమాదమో చెప్పదు. మోతాదును నిర్ణయించే మరో నిపుణుల సంఘం అదే రోజున పాత పరిమితినే కొనసాగించింది: శరీరపు ప్రతి కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 2400 మిల్లీగ్రాములు. టీలో ఒకటి రెండు మాత్రలు వేసుకునేవారు దాని దరిదాపులకు కూడా పోరు. ఫినైల్ కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన లోపం ఉన్నవారు మాత్రం ఆస్పర్టేమ్‌ను పూర్తిగా వర్జించాలి.

కొందరు సోదరులు హలాల్ విషయం అడుగుతుంటారు. విదేశాలలో కొన్ని శుద్ధి కర్మాగారాలు చక్కెర తెల్లబరచడానికి ఎముకల బొగ్గు వాడుతాయనే వార్త చదివి సందేహం కలిగింది. మన దేశపు మిల్లులలో అధికభాగం సున్నం, గంధకపు వాయువులతో రసాన్ని శుద్ధిచేస్తాయి. ఆస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియాలు జంతు సంబంధమైనవి కావు. మాత్ర గట్టిపడటానికి కలిపే ఇతర పదార్థాల సందేహానికి ప్యాకెట్టుపై ఉండే ఆకుపచ్చ గుర్తు చాలావరకు సమాధానమిస్తుంది.

నా అభిప్రాయం ఇది. మధుమేహం ఉండి, చక్కెర లేని టీ మింగుడుపడనివారికి ఒక మాత్ర మంచి ఊతకర్ర. రెండు చెంచాల చక్కెర కంటే అది మేలే. ఇంటిల్లిపాదికీ దానిని అలవాటు చేయడం మాత్రం అనవసరం. ముఖ్యంగా పిల్లలకు. తీపి లేనిదే పాలు త్రాగని పిల్లవానికి చక్కెర బదులు స్టీవియా వేస్తే, వాడి నాలుక అదే చోట నిలిచిపోతుంది. పాల రుచి ఏమిటో వానికి ఎప్పటికీ తెలియదు. బజారులో ‘చక్కెర లేనిది’ అని అమ్మే బిస్కెట్లలో మైదా, నూనె యథాతథంగా ఉంటాయి. ‘షుగర్ రోగుల మిఠాయి’ పెట్టెపై మాల్టిటాల్ అని ఉంటే, అది కూడా రక్తంలో గ్లూకోజును కొంత పెంచుతుందని, ఎక్కువ తింటే విరేచనాలు పట్టుకుంటాయని గుర్తుంచుకోవాలి. చీటీపై 951 అంటే ఆస్పర్టేమ్, 954 అంటే శాకరిన్, 955 అంటే సుక్రలోజ్, 960 అంటే స్టీవియా. స్టీవియా పేరుతో అమ్మే పొడిలో పరిమాణం కోసం ఎరిథ్రిటాల్‌నో డెక్స్ట్రోజునో కలుపుతారు. డెక్స్ట్రోజు అంటే గ్లూకోజే.

చక్కెరను ఇంటి నుండి పూర్తిగా వెళ్ళగొట్టామని గర్వంగా చెప్పేవారు ఒక విషయం వినాలి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి రక్తంలో గ్లూకోజు ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు కనిపిస్తాయి. పరీక్షలో 70 కంటే తక్కువ చూపుతుంది. అప్పుడు తీపి మాత్ర వేసిన టీ ఇస్తే నాలుకకు తీపి తగులుతుందే గాని రక్తానికి ఏమీ అందదు. విలువైన నిమిషాలు వృథా అవుతాయి. మూడు నాలుగు చిన్న చెంచాల గ్లూకోజు పొడి నీటిలో కలిపి ఇవ్వాలి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయరాదు, ఆసుపత్రికి తరలించాలి. మరొక సూక్ష్మం: వోగ్లిబోస్ లేదా అకార్బోస్ వాడేవారికి చక్కెర గాని బెల్లం గాని త్వరగా పనిచేయవు. సుక్రోజు విడిపోకుండా అడ్డుకోవడమే ఆ మందుల పని. వారికి గ్లూకోజు పొడే కావాలి. మన దగ్గర గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ ఒకే మాత్రలో కలిపి విరివిగా వ్రాస్తున్నారు. మీ ఇంట్లోని మాత్రల అట్టపై ఈ పేరు ఉన్నదేమో ఈరోజే చూడండి.

రమజాన్‌లో ఇది మరీ ముఖ్యం. అస్ర్ వేళకు వణుకు మొదలైతే, ఇంకెంతసేపు, మగ్రిబ్ వచ్చేస్తుంది కదా అని ఓర్చుకునేవారు ఉన్నారు. గ్లూకోజు 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని వైద్యుల సూచన. రోగికి వెసులుబాటును దివ్య ఖుర్ఆన్ (2:184, 185) స్వయంగా ఇచ్చింది. వేలి నుండి రక్తపు బొట్టు తీసి పరీక్షించుకోవడం వలన ఉపవాసం భంగం కాదని పండితులు తెలిపియున్నారు. కనుక పరికరాన్ని అలమరలో దాచవలసిన పని లేదు.

నాలుకను మార్చుకోవడం సాధ్యమేనా అంటే, సాధ్యమే, కాని ఒక్కరోజులో కాదు. రెండు చెంచాల నుండి ఒక్కసారిగా సున్నాకు దిగినవారు వారం తిరగకుండానే మళ్ళీ రెండుకు వస్తారు. వారానికో పది రోజులకో పావు చెంచా తగ్గిస్తే ఇంట్లో ఎవరూ గుర్తించరు. రెండు మూడు నెలలలో పాత టీ త్రాగితే అదే అతి తీపిగా తోస్తుంది. యాలకులు, అల్లం, దాల్చినచెక్క వేస్తే తీపి లోటు అంతగా తెలియదు. వంటగదిలో గరిటె పట్టినవారి చేతిలోనే ఈ పని ఉన్నది. ప్రకటించి చేస్తే మగవారు మారాం చేస్తారు.

అతిథి మర్యాద వద్ద మాత్రం మనం తడబడుతున్నాము. షుగర్ ఉన్న మామగారో, పిన్నిగారో వస్తే “మీ కోసం ప్రత్యేకంగా బెల్లం టీ పెట్టాము, ఇది మీకేమీ చేయదు” అని కప్పు చేతికిస్తాము. కాదంటే మనసు నొచ్చుకుంటుందని వారు త్రాగుతారు. అటువంటి ఇళ్ళు రోజుకు మూడు తిరిగితే వారి గతి ఏమిటి? టీలో చక్కెర కలపకుండా, గిన్నెలో వేరుగా, చెంచాతో సహా పళ్ళెంలో పెట్టి ఇవ్వండి. ఎవరికి కావలసినంత వారు వేసుకుంటారు, అడగవలసిన ఇబ్బంది, కాదనవలసిన ఇబ్బంది రెండూ తప్పుతాయి. వలీమా విందులో రెండు మిఠాయిలు లేకపోతే పరువు పోతుందనుకునే అలవాటు గురించి మరోసారి వ్రాయవలసి ఉన్నది.

పండుగనాటి తీపి వంటలలో మాత్రలు, పొడులు వేయమని నేను చెప్పను. డబుల్ కా మీఠాలో చక్కెర చేసే పని తీపి ఇవ్వడం ఒక్కటే కాదు, వేయించిన రొట్టె ముక్క మెత్తబడి నిగనిగలాడేది పాకం వల్లనే. హల్వాకు ఆ పట్టు కూడా పాకమే ఇస్తుంది. ఆస్పర్టేమ్ అయితే పొయ్యి వేడికే తీపి కోల్పోతుంది. ఈద్ నాడు అసలైన మిఠాయినే వండండి, చిన్న గిన్నెలో వడ్డించండి. తగ్గించడానికి వీలున్న వంటలు వేరే ఉన్నాయి. ఖుబానీ కా మీఠాలో ఎండు ఆప్రికాట్ పండే స్వతహాగా తీయనిది. అది నానబెట్టిన నీటిలోనే ఉడికించి, చివర రుచి చూసి, చక్కెర అవసరమైతేనే కొంచెం వేయాలి. షీర్ ఖుర్మాకైతే పాలు బాగా మరిగి చిక్కబడాలి. సన్నగా తరిగిన ఖర్జూరాలను, కిస్మిస్‌ను ముందుగానే ఆ పాలలో వేసి పది నిమిషాలు సన్నని సెగపై ఉంచితే వాటి తీపి పాలలోకి దిగుతుంది. సేమియా ఆ తరువాత. చక్కెర అన్నింటికంటే చివర, మీరు ఎప్పుడూ వేసే దానిలో సగంతో మొదలుపెట్టి, కలిపి, ఒక చెంచా నోట వేసుకొని చూడండి. వేడిమీద తీపి కాస్త ఎక్కువగా తెలుస్తుంది కనుక చల్లారనిచ్చి మళ్ళీ ఒకసారి చూడండి. షుగర్ ఉన్నవారి వాటాను చక్కెర వేయక ముందే ఒక గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి. ఖర్జూరాల తీపి అందులో ఎలాగూ ఉన్నది కనుక ఆ గిన్నె చిన్నదై ఉండాలి.